డ్యూటీ ముచ్చట్లు: కొట్టులో దించిన పార్శిల్‌కు రేటెంత?

ఈసారి డెలివరీ చేసేవాళ్ల ఉత్తరాలే ఎక్కువగా వచ్చాయి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లుగా వచ్చినవాటిని మా సబ్ ఎడిటర్ కాగితం మీద పెట్టింది. రాసినవాళ్ల పేర్లు, వాళ్ల కంపెనీల పేర్లు తీసేశాం. వేస్తే రేపు పొద్దున వాళ్ల యాప్ ఐడీలు ఉండవు, అంటే పని పోతుంది. ఇక సమాధానాలు చెప్పే నేను ఆర్టీసీలో రిటైరైన డ్రైవర్ని. ఎన్నో ఏళ్లు డిపో గేటు దగ్గర యూనియన్ మీటింగులు పెట్టినవాణ్ణి. నా మాటల్లో బస్సు వాసన వస్తే సర్దుకోండి.

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి): అన్నా, నేను ఒక ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ పార్శిళ్లు వేస్తాను. నేరుగా కంపెనీ కాదు, దాని కింద ఏజెన్సీ. ఇంటికి వేస్తే పార్శిల్‌కు 14 రూపాయలు. ఈ మధ్య మా ఏరియాలో కిరాణా కొట్లను, జిరాక్స్ షాపులను పికప్ పాయింట్లు చేశారు. కస్టమర్ ఇంట్లో లేకపోయినా, యాప్‌లో అలా ఎంచుకున్నా అక్కడ దించి రావాలి. దానికి 5 రూపాయలే ఇస్తున్నారు. ముందు రోజుకు 80 ఇళ్లకు వేసేవాణ్ణి. ఇప్పుడు 50 ఇళ్లు, 30 షాపు పార్శిళ్లు. పోయిన నెల షాపులో దించిన ఫోన్ పార్శిల్ ఒకటి కనపడలేదని నా డబ్బుల్లోంచి డెబిట్ వేశారు. షాపాయనను అడిగితే ‘నేను లేనప్పుడు మావాడు తీసుకున్నాడేమో’ అంటాడు. టీఎల్‌ని (టీమ్ లీడర్‌ని) అడిగితే ‘స్కాన్ నీ ఐడీ మీదే ఉంది’ అంటాడు. ఎవరిని పట్టుకోవాలి?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో రెండు గొడవలున్నాయి. ఒకటి కూలి, రెండోది బాధ్యత. టీఎల్ రెండింటినీ కలిపి నిన్ను తికమక పెడుతున్నాడు. నువ్వు విడదీసి అడుగు.

ముందు కూలి సంగతి. 80 ఇళ్లకు 14 చొప్పున 1,120 రూపాయలు. ఇప్పుడు 50 ఇళ్లకు 700, షాపుల్లో 30కి 150, మొత్తం 850. రోజుకు 270 పోయింది. నెలకు 26 డ్యూటీలు వేసుకుంటే ఏడు వేల పైచిలుకు. బండి తిరిగే ఏరియా మాత్రం తగ్గలేదు. ఆ 50 ఇళ్లు అదే కాలనీల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి కాబట్టి పెట్రోల్ ఇంచుమించు అంతే అవుతుంది.

కంపెనీవాళ్లు దీనికి ఒక మాట సిద్ధంగా పెట్టుకుంటారు. ఇంటికి వేస్తే లిఫ్ట్ కోసం ఆగాలి, వాచ్‌మన్ రిజిస్టర్‌లో రాయాలి, కస్టమర్ ఓటీపీ చెప్పేదాకా నిలబడాలి, షాపులో అయితే పది నిమిషాల్లో పది పార్శిళ్లు అయిపోతాయి కదా అంటారు. అందులో అబద్ధం లేదు, టైమ్ నిజంగానే మిగులుతుంది. అయితే మిగిలిన టైమ్‌లో నీకు ఇంకో 20 పార్శిళ్లు ఇస్తున్నారా? ఇవ్వకపోతే ఆ మిగులు వాళ్ల ఖాతాలో పడింది, కోత నీ ఖాతాలో పడింది. నీది నెల జీతమైతే ఈ షాపులు నీకు సుఖమే. ముక్కకు ఇంత అని లెక్కకట్టి ఇస్తున్నారు కాబట్టే ఇది నష్టం. అందుకని ‘పికప్ పాయింట్లు వద్దు’ అని మొదలుపెట్టకు. కస్టమర్‌కు అవి సౌకర్యం, రోజంతా ఆఫీసులో ఉండే మనిషికి సాయంత్రం వస్తూ వస్తూ తీసుకోవడం తేలిక. ఆ వాదనలో నువ్వు ఓడిపోతావు. ‘షాపు దగ్గర ఆగినందుకు ఒక స్టాప్ రేటు, ఆపైన పార్శిల్‌కు ఇంత’ అని అడుగు. షాపు మూసి ఉంటే ఆ ట్రిప్‌ను అటెంప్ట్‌గా లెక్కవేసి డబ్బులివ్వాలని కూడా అడుగు. మధ్యాహ్నం రెండింటికి షట్టర్ దించి భోజనానికి పోయే కొట్లు మన ఊళ్లో ఎన్ని లేవు!

ఇక ఆ ఫోన్ పార్శిల్. మీ వైపు ఒక కొట్టు దగ్గర కాసేపు నిలబడి చూశాను. తూకం కాటా పక్కన, బియ్యం బస్తాల మీద పార్శిళ్లు పడేసి ఉన్నాయి. కస్టమర్ వచ్చి పేరు చెబితే కొట్టాయన ‘వెతుక్కో బాబూ’ అన్నాడు. ఆ పిల్లవాడు నాలుగు పెట్టెలు అటూ ఇటూ తిప్పి ఒకటి తీసుకుపోయాడు. తీసుకున్నది తనదో కాదో చూసినవాడు లేడు. కొట్టాయనను తిట్టాలని కాదు ఇది చెప్పడం. ఆయనకు కూడా పార్శిల్‌కు ఏవో కొన్ని రూపాయలే వస్తాయి. ఉప్పు, పప్పు అమ్ముకుంటూ మధ్యలో చేసే పని. ఆయనతో గొడవ పడి నీకు ఒరిగేదేమీ లేదు.

ఆర్టీసీలో సరుకు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారితే ఎక్కడైనా ఒక సంతకం ఉండేది. ఇచ్చినవాడి బాధ్యత ఆ సంతకంతో తీరిపోతుంది, తీసుకున్నవాడిది మొదలవుతుంది. మీ యాప్‌లో లేనిది సరిగ్గా అదే. నువ్వు ‘డ్రాప్’ అని స్కాన్ చేస్తున్నావు, షాపాయన తన లాగిన్‌లో ‘తీసుకున్నాను’ అని స్కాన్ చేయడం లేదు. ఆ రెండో స్కాన్ కావాలని రాతపూర్వకంగా అడుగు. అది వచ్చేదాకా ఒక నోటుపుస్తకం బండి డిక్కీలో పెట్టుకో. తేదీ, టైమ్, ఎన్ని పార్శిళ్లు, వాటి చివరి నాలుగు నంబర్లు రాసి షాపులో ఎవరుంటే వాళ్ల సంతకం, షాపు స్టాంపు వేయించుకో. కొడుకు తీసుకున్నా, పనివాడు తీసుకున్నా సంతకం సంతకమే. ఖరీదైన పార్శిల్ అయితే కౌంటర్ మీద పెట్టి, షాపు బోర్డు కనపడేలా ఫొటో తీయి.

వేసిన డెబిట్ గురించి చట్టం ఏమంటుందో కూడా తెలుసుకో. వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ ఇదే ఉండేది. ఉద్యోగికి అప్పగించిన సరుకు పోతే, అది నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలితేనే జీతంలో కోయాలి. కోసే ముందు ‘నీ వివరణ ఏంటి’ అని అతన్ని అడగాలి. నిన్ను అడిగారా? లేదు. ‘నువ్వు ఉద్యోగివి కాదు, పార్ట్‌నర్‌వి’ అని ఏజెన్సీవాడు తప్పుకోవాలని చూస్తాడు. అప్పుడు నీ దగ్గర ఏమున్నాయో బయటికి తీయి. పొద్దున అటెండెన్స్, వాళ్లిచ్చిన టీషర్టు, వాళ్లు గీసిన రూటు, సెలవు పెడితే టీఎల్ తిట్టిన మెసేజ్. ఇవన్నీ ఉద్యోగి లక్షణాలే. వాటి కాపీలు పట్టుకుని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కు వెళ్లు, కార్మిక శాఖ ఆఫీసు అక్కడే. ఒక్కడివే పోకు. ఇదే డెబిట్ పడినవాళ్లు నీ హబ్‌లో, అంటే లోడు ఎత్తుకునే గోదాంలో, ఇంకా ఉంటారు, వాళ్లను వెంటబెట్టుకుని పో.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక సోదరి): మా హబ్‌కు పొద్దున్నే ఆరున్నరకు రమ్మంటారు. లోడు ఎనిమిదిన్నరకు గానీ వదలరు. ఆ రెండు గంటలూ పార్శిళ్లు ఏరియా వారీగా మేమే వేరుచేసుకోవాలి, దానికి పైసా లేదు. టాయిలెట్ ఉంది, తాళం వేసి ఉంటుంది, స్టాఫ్‌కట. నేను పెట్రోల్ బంకుకు పోయి వస్తున్నాను. దీన్ని ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలియడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ టాయిలెట్ తాళం సంగతి అడుగు. మిగతావన్నీ తరువాత. హబ్‌లో ఆడవాళ్లు ఎంతమంది ఉంటే అంతమంది సంతకాలతో ఒక్క కాగితం రాసి మేనేజర్‌కు ఇవ్వండి, రెండో కాపీ మీద ‘అందింది’ అని రాయించుకోండి. మీ టైమింగ్స్, తాళం వేసిన తలుపు ఫొటో జతచేయండి. కాగితం మీదికి ఎక్కాక ‘మాకు తెలియదు’ అనడం కష్టం. మేనేజర్ పట్టించుకోకపోతే అదే కాగితం జిల్లా కార్మిక శాఖకు, కార్పొరేషన్ కమిషనర్‌కు ఇవ్వండి. కార్పొరేషన్‌కు ఎందుకంటే, చెన్నైలో అక్కడి కార్పొరేషనే 2025లో అన్నానగర్, టీనగర్‌లలో డెలివరీవాళ్ల కోసం ఏసీ విశ్రాంతి గదులు కట్టించింది, టాయిలెట్లతో సహా. మన ఊళ్లలోనూ అడగొచ్చు.

పార్శిళ్లు వేరుచేయడం గురించి ఒక్క మాట. సార్టింగ్ అనేది ఒక ఉద్యోగం. దానికి విడిగా మనుషుల్ని పెట్టుకుని జీతాలిచ్చే హబ్‌లు ఉన్నాయి. మీచేత ఉచితంగా చేయిస్తున్నారంటే ఇంకొకరి ఉద్యోగం మీ నిద్రలోంచి కోసుకుంటున్నారని. ఏ పని ఎవరిది, దానికి రేటెంత అని తేల్చుకోవడమే యూనియన్ పనిలో మొదటి పాఠం. మా డిపోలో కండక్టర్ల చేత బస్సు కడిగించబోయిన ఒక మేనేజర్ ఉండేవాడు. ఆ కథ ఇంకోసారి.

ప్రశ్న (ఎల్బీనగర్ నుంచి): మా డార్క్ స్టోర్ (యాప్ ఆర్డర్లకే సరుకు పెట్టే గోదాం) దగ్గర కొందరు యూనియన్ అంటూ గ్రూపు పెట్టారు. చేరదామంటే టెన్షన్‌గా ఉంది. స్టోర్ మేనేజర్ గ్రూపులో ఎవరున్నారో చూసి ఐడీలు లేపేస్తాడట. అసలు మేం ‘పార్ట్‌నర్లం’ కదా, మాకు యూనియన్ చట్టం వర్తిస్తుందా? చందా రెండొందలు అడుగుతున్నారు.

జవాబు: సంఘం పెట్టుకునే హక్కు కంపెనీ ఇచ్చేది కాదు, రాజ్యాంగం 19(1)(సి)లో ఇచ్చింది. రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు కలిసి దరఖాస్తు పెట్టాలన్నది 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంలోనే ఉంది. ఇప్పటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అదే అంకె. దానికి తోడు ఆ సంస్థలో లేదా పరిశ్రమలో పదో వంతు మంది, లేదంటే వందమంది, ఏది తక్కువైతే అది సభ్యులుగా ఉండాలి. ‘పార్ట్‌నర్’ అనే ముద్ర వల్ల కంపెనీతో బేరానికి కూర్చోవడంలో చిక్కులొస్తాయి, నేను లేవని చెప్పను. సామాజిక భద్రత కోడ్ గిగ్ వర్కర్‌ను, అంటే మీలా యాప్‌ల మీద పనిచేసేవాళ్లను, గుర్తించింది. కంపెనీ తన వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి కట్టాలంది, అది మీకిచ్చే డబ్బుల్లో 5 శాతం దాటకూడదంది. రేటు గురించి గానీ, ఐడీ తీసేయడం గురించి గానీ అందులో పెద్దగా ఏమీ లేదు. కర్ణాటక 2025లో తెచ్చిన చట్టం ఈ విషయంలో మెరుగు. అక్కడ పని నుంచి తీసేయాలంటే కారణం రాసి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మన తెలంగాణ గిగ్ వర్కర్ల బిల్లు ముసాయిదా అదే ఏడాది ఏప్రిల్‌లో బయటికి వచ్చింది. అందులో మీకేముందో చదవండి, గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలకు బదులు అది పెట్టండి.

భయం సంగతి. 2019 అక్టోబర్ 5న మేం సమ్మెకు దిగాం. 48 వేలమందిమి, 52 రోజులు. దిగినవాళ్లు తమంతట తామే ఉద్యోగం వదిలేసినట్టేనని ముఖ్యమంత్రే అన్నారు. రెండు నెలలు జీతాల్లేవు. చివరికి డిమాండ్లు తీరకుండానే డ్యూటీలకు వెనక్కి వెళ్లాం. ఆ తరువాత యూనియన్లను పక్కన పెట్టి డిపోల్లో సంక్షేమ కమిటీలు పెట్టారు. కాబట్టి యూనియన్ పెడితే అంతా అయిపోతుందని నేను నీకు చెప్పను. అయితే ఒకటి చూశాను. ఆ కమిటీలు ఉన్న రోజుల్లో చార్జిషీటు వచ్చిన డ్రైవర్ మేనేజర్ గదిలోకి ఒక్కడే పోవాల్సి వచ్చింది. అంతకు ముందు పక్కన యూనియన్ మనిషి ఒకడు కూర్చునేవాడు. కూర్చున్నవాడు పెద్దగా మాట్లాడకపోయినా మేనేజర్ గొంతు తగ్గేది.

మీవాళ్లూ ఊరికే లేరు. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ ఇక్కడే పనిచేస్తోంది. 2025 డిసెంబర్ 25న, 31న దేశమంతా డెలివరీవాళ్లు సమ్మె పిలుపిచ్చారు. అందులో ఈ యూనియన్ ముందుంది. పదినిమిషాల డెలివరీ ఆపాలన్నది పెద్ద డిమాండ్. జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి కంపెనీలతో మాట్లాడాక బ్లింకిట్ తన ప్రకటనల్లోంచి ఆ పదినిమిషాల మాట తీసేసింది. ప్రకటన మారింది, స్టోర్‌లో తొందరపెట్టడం తగ్గిందో లేదో నువ్వే చెప్పాలి.

ఆ వాట్సాప్ గ్రూపు విషయంలో మాత్రం జాగ్రత్త. స్టోర్ మేనేజర్ ఉన్న గ్రూపులో యూనియన్ మాటలు వద్దు. కొత్త నంబర్ కలిపే ముందు ఆ మనిషిని స్టోర్ దగ్గర టీ బండి కాడ చూసి ఉండాలి. చందా ఇవ్వు, కానీ లీడర్ సొంత ఫోన్‌పేకు కాదు. యూనియన్ పేరు మీద బ్యాంకు ఖాతా ఉందా, రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా, రసీదు ఇస్తారా అని అడుగు. ఈ ప్రశ్నలకు చిరాకు పడే లీడర్ అయితే రెండొందలు జేబులోనే ఉంచుకో. ఐడీ తీసేస్తే వెంటనే స్క్రీన్‌షాట్ తీయి, ఆ నెల పేఅవుట్లు, రేటింగ్ పేజీ కూడా. యాప్ లాగౌట్ అయ్యాక అవి నీకు దొరకవు.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక రిటైర్డ్ టీచర్): మా అల్లుడు అమెరికాలో యూపీఎస్ అనే పార్శిల్ కంపెనీలో డ్రైవర్. గంటకు నలభై డాలర్లు దాటి వస్తున్నాయట. అక్కడా షాపుల్లో పార్శిళ్లు దించుతారట, మావాడు అదో బెంగగా చెబుతాడు. జీతం అంత ఉన్నప్పుడు బెంగ దేనికి? మనవాళ్లకూ అలా ఎందుకు రాదు?

జవాబు: మాస్టారూ, మీ అల్లుడి బెంగ, కూకట్‌పల్లి తమ్ముడి బెంగ ఒక ఊరివే, వీధులే వేరు. యూపీఎస్ వాళ్లు ఈ షాపు పాయింట్లను ‘యాక్సెస్ పాయింట్’ అంటారు, అమెరికాలో 2014లో మొదలుపెట్టారు. తరువాత సీవీఎస్ మందుల షాపులు, మైకేల్స్ దుకాణాలు కూడా చేరాయి. మీ అల్లుడికి గంటల లెక్కన జీతం. ఒకే షాపులో ఇరవై దించినా ఆరోజు కూలి తగ్గదు. కానీ ఇరవై ఇళ్లు ఒక్క స్టాప్ అయితే రేపు రెండు రూట్లను ఒకటి చేస్తారు, ఒక డ్రైవర్ ఇంటికి పోతాడు. ఆయన భయం అది.

ఆ జీతం ఊరికే రాలేదు. 1997 ఆగస్టులో వాళ్ల టీమ్‌స్టర్స్ యూనియన్ లక్షా ఎనభై ఐదువేల మందితో 15 రోజులు సమ్మె చేసింది. పార్ట్‌టైమ్ పనుల్లోంచి పదివేల ఫుల్‌టైమ్ ఉద్యోగాలు చేయిస్తామని కంపెనీ చేత ఒప్పించుకున్నారు. 2023లో మళ్లీ సమ్మె అంచుదాకా వెళ్లి ఒప్పందం కుదుర్చుకున్నారు. అది 3 లక్షల 40 వేలమందికి వర్తించే ఒప్పందం, ఓటేసినవాళ్లలో 86.3 శాతం ఆమోదించారు. ఒప్పందం ముగిసేనాటికి అనుభవమున్న డ్రైవర్ సగటు రేటు గంటకు 49 డాలర్లు, కొత్త బండ్లకు ఏసీ. యూనియన్ సభ్యులు చేయాల్సిన పని సూపర్‌వైజర్ చేయకూడదని కూడా అందులో రాసి ఉంది. చేస్తే డ్రైవర్ గ్రీవెన్స్ (ఫిర్యాదు) వేస్తాడు. నాకు ఆ నిబంధన మీద కాస్త అసూయ ఉంది.

ఇంకొకటి. చవకరకం పార్శిళ్లను చివరి అంచెలో పోస్టాఫీసుకు అప్పగించే పద్ధతి యూపీఎస్‌లో చాలా ఏళ్లు నడిచింది. అది మా పని అని యూనియన్ పట్టుబట్టేది. 2025 జనవరిలో పోస్టాఫీసుతో ఆ ఒప్పందం ఆగింది. అది విని సంబరపడేలోపే, అదే ఏడాది ఏప్రిల్‌లో కంపెనీ 20 వేల ఉద్యోగాలు తగ్గిస్తామని, 73 భవనాలు మూసేస్తామని చెప్పింది. మీవాడి బెంగ అర్థమైంది కదా. మనవాళ్లకు ఎందుకు రాదంటే, అక్కడ డ్రైవర్‌ను ఉద్యోగి అని ఒప్పుకుని బేరానికి కూర్చున్నారు. ఇక్కడ ఆ మొదటి మాట దగ్గరే ఆగి ఉన్నాం. అమెరికాలో కూడా ఏజెన్సీల కింద వ్యాన్లు తోలేవాళ్లకు ఇంకా అదే గొడవ.

ప్రశ్న (మియాపూర్ నుంచి): నా బండి తెల్ల నంబర్ ప్లేటు. డెలివరీలో యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ రాదని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: చాలావరకు నిజమే. సొంత వాడకం పాలసీ కాగితంలో ‘వాడకంపై పరిమితులు’ అని ఒక చోట ఉంటుంది. కిరాయికి తోలడం, సరుకు మోయడం అందులో మినహాయిస్తారు. బండి రిపేరు క్లెయిమ్ దగ్గర కంపెనీ దాన్నే పట్టుకుంటుంది. నీ ఏజెంట్‌ను అడిగి డెలివరీ వాడకానికి కవర్ ఉందో లేదో రాయించుకో. యాప్‌వాళ్లు యాక్సిడెంట్ పాలసీ ఉందంటే దాని నంబర్ అడుగు. అది లాగిన్‌లో ఉన్నప్పుడు మాత్రమే పనిచేస్తుందా, ఆర్డర్ చేతిలో ఉన్నప్పుడేనా, తిరిగి వచ్చేటప్పుడు కూడానా అన్నది చూడు. రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో గిగ్ వర్కర్లకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. అది నీకు వర్తించాలంటే ఏమేం కావాలో కార్మిక శాఖలో అడుగు. ఆధార్‌తో ఈ-శ్రమ్ పోర్టల్‌లో ప్లాట్‌ఫాం వర్కర్‌గా నమోదు చేసుకో, ఖర్చేమీ లేదు. నామినీ పేరు అమ్మదా, భార్యదా అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకుని వేయి. ఆ గడి ఖాళీగా వదిలేసి పోయినవాళ్ల ఇంట్లో ఆడవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగడం మా డిపోలో చూశాను.